కరువు బిడ్డలు, బోర్డింగు బిడ్డలు

నూరేండ్ల పండుగ జరుపుకొనే ఈ సమయమున మన అధ్యక్ష ఖండమునకు పునాదులు వేసినవారిని స్మరించుకొనుట న్యాయమే. ఈ సంచికలో దొరల పేర్లు, దొరసానుల పేర్లు, పాస్టర్లు, బైబిలు స్త్రీలు, ఉపాధ్యాయుల పేర్లు చదువరులు చూస్తారు. ఏ దేవాలయమునకు ఏ సంవత్సరమున మూలరాయి వేసినదీ తెలుసుకొంటారు. అయితే మన పాత మిషను ఫోటోలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. కుర్చీలలో కూర్చున్నవారికి పేర్లు ఉంటాయి. వెనుక నిలబడిన ఉపాధ్యాయులకును కొన్నిచోట్ల పేర్లు ఉంటాయి. ముందు వరుసలో నేలమీద బాసిపట్లు వేసుకొని కూర్చున్న పిల్లల క్రింద మాత్రము "బోర్డింగు పిల్లలు" అని ఒక్క మాట ఉంటుంది. ఈ వ్యాసము ఆ ముందు వరుసను గురించినది. ఆ పిల్లలు ఎట్లా వచ్చినారు, ఎవరి చేతులలో పెరిగినారు, పెద్దవారైన తరువాత వారి మనస్సులలో ఏమి మిగిలినది, వారికి మన సంఘములు ఏమి బాకీ ఉన్నవి అన్నదే ఇక్కడి విషయము.

మన ఆలూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలోని ఊరుగా అందరికీ తెలుసు. కాని 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడే వరకు ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ దినముననే కర్నూలు జిల్లాలో కలిసినవి. కాబట్టి మన ప్రాంతపు పాత చరిత్రను బళ్లారి జిల్లా చరిత్రలో వెదకవలెను. లండన్ మిషనువారి జాన్ హ్యాండ్స్ బళ్లారికి వచ్చినది 1810లో. అదే మిషను కడపలో పని ప్రారంభించినది 1822లో. ఈ సీమ అంతా నిజాము 1800లో ఇంగ్లీషువారికి ఇచ్చివేసిన దత్తమండలము. నల్లరేగడి నేల, ఆకాశమును నమ్ముకొన్న సేద్యము, వాన వస్తే జొన్న, కొర్ర, ప్రత్తి, రాకపోతే వలస. ఈ సంగతి మన తాతలకు తెలుసు, మనకును తెలుసు.

ఆ ఆకాశము 1876లో పూర్తిగా మోసము చేసినది. అది ధాత నామ సంవత్సరము గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. గుంటూరు వైపు 1832-33 నాటి నందన కరువును డొక్కల కరువు అని ఎట్లా చెప్పుకొన్నారో, మన సీమలో ధాత కరువును అట్లా చెప్పుకొన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికంటె ఎక్కువ దెబ్బతిన్నవి. గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు మార్గము 1871 నాటికే వచ్చి ఉన్నది. అయినను కొనే డబ్బు లేని కూలివానికి రైలు మోసుకొచ్చే గింజలవల్ల ప్రయోజనము లేకపోయినది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో కూలిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణా చాలునన్నాడు. ఆ కూలిపై మద్రాసు రాష్ట్రమున పెద్ద వివాదమే జరిగినది. కరువు వెంట కలరా, ఆ తరువాత చలిజ్వరము వచ్చినవి. 1871 నాటికీ 1881 నాటికీ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయినది. దక్షిణ దేశమంతటా ఆ కరువులో చనిపోయినవారు 50 లక్షలకు పైగా ఉంటారని లెక్క కట్టినారు.

ఇంతమంది చనిపోతే వారి బిడ్డలు ఏమైనారు? ఇక్కడినుండే మన కథ ప్రారంభము. తల్లిదండ్రులు పోయిన పిల్లలు కొందరు. తల్లో తండ్రో బ్రతికి ఉండి, కూలికోసము ఎటో పోతూ గంజి కేంద్రము దగ్గర విడిచిపెట్టిన పిల్లలు కొందరు. నడవలేక దారిలో తప్పిపోయినవారు మరికొందరు. రిజిస్టరులో అందరిని కలిపి అనాథలు అనే వ్రాసినారు. పిల్లవాడు తన ఊరి పేరు చెప్పగలిగితే చెప్పినాడు, లేకపోతే లేదు. పుట్టిన తేదీ తెలియదు గనుక వయస్సును చూపుమేర అంచనా వేసినారు. 1877లో లండన్ నగర మేయరు పిలుపుమీద వసూలైన సహాయ నిధిలో కొంత భాగము ఇట్టి పిల్లల పోషణకు కూడ వినియోగమైనది. 1880 నాటి క్షామ కమీషనువారు అనాథ పిల్లలను ఎవరికి అప్పగించవలెనన్న ప్రశ్నను విచారించినారు. కరువు ముగిసినా ముగియని సమస్యగా ఈ పిల్లలు మిగిలినారన్నమాట.

మనకు పొరుగున తెలుగువారు ఎక్కువగా ఉండే కోలారులో మిస్ లూయిసా ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు దొరసాని ఆ కరువు దినములలోనే అనాథాశ్రమము పెట్టింది. వందలాది పిల్లలు అక్కడ చేరినారు. పెరిగి పెద్దవారైన పిల్లలకు పరస్పరము వివాహములు చేసి, భూములు ఇప్పించి, క్రైస్తవ పల్లెలుగా స్థిరపరచే ప్రయత్నము జరిగినది. 1890లో ఆ పని మెథడిస్టు మిషనువారి చేతికి వెళ్లింది. మహారాష్ట్రములో కేడ్గావ్ ముక్తి మిషను స్థాపించిన పండిత రమాబాయి సంగతి చాలమందికి తెలుసు. 1896-97 కరువులోను, 1900 ప్రాంతపు కరువులోను ఆమె మధ్యపరగణాలకు, గుజరాతుకు మనుషులను పంపి ఆడపిల్లలను తెచ్చి పెంచింది. ఆ పని ఆమె చేతికి ఎందుకు వచ్చినదంటే, 1870లలో మద్రాసు రాజధానిలోని తీర్థములు తిరుగుతూ ఉండగా కరువులో తన తల్లిదండ్రులను తాను పోగొట్టుకొన్నది. ఆకలి అంటే ఏమిటో, అయినవారు కండ్లముందు పోవుట ఏమిటో ఆమెకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఈ ఆశ్రమములు లేకపోతే ఆ బిడ్డలు బ్రతికి ఉండేవారు కారు. ఇది మొదట చెప్పవలసిన సత్యము, మనము కృతజ్ఞతతో ఒప్పుకోవలసిన సత్యము. మన సంఘములలో మొదటి ఉపాధ్యాయులు, నర్సులు, కాంపౌండర్లు, వడ్రంగులు ఎందరో బోర్డింగు గంజి త్రాగి పైకి వచ్చినవారే. కాని ప్రాణము నిలుపుట ఒకటి, మనిషికి మనిషిని కలుపుట మరొకటి. ఈ రెండవది గూర్చి మన చరిత్రలు సామాన్యముగా మాట్లాడవు.

బోర్డింగు జీవితము ఎట్లా నడిచేదో పెద్దలకు తెలుసు. గంట కొడితే లేచుట, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే భోజనము. ఒక మేట్రను చేతిక్రింద ముప్పది, నలుబది మంది. ఎవరికీ తనదన్న పెట్టె ఉంటే ఉన్నది, లేకపోతే లేదు. జ్వరము వస్తే మందు ఇస్తారు, కాని ప్రక్కన కూర్చొని రాత్రంతా నుదురు ముట్టి చూచే చేయి అందరికీ దొరకదు. సెలవులు ఇచ్చిన దినమున తక్కిన పిల్లలకు బండ్లు వస్తాయి. అమ్మమ్మో, మేనమామో వచ్చి మూట నెత్తిన పెట్టుకొని తీసుకొనిపోతారు. ఎవరూ రాని నలుగురైదుగురు గేటు దగ్గరనే నిలబడి చివరి బండి పోయేవరకు చూస్తారు. ఏండ్లు గడచిన తరువాత బోర్డింగు బిడ్డను ఏమి గుర్తున్నదని అడిగితే, కొట్టిన దెబ్బలకంటె, చాలని అన్నముకంటె ఆ సెలవు దినమునే ముందుగా చెప్పుకొనేవారు ఎక్కువ.

దానికి తోడు పెంచేవారు మారిపోతూ ఉంటారు. దొరసానిని అమ్మ అని పిలిచి అలవాటు పడేసరికి ఆమె ఫర్లో మీద స్వదేశమునకు వెళ్లే కాలము వస్తుంది. వీడ్కోలు సభ, పూలదండ, పాట, కన్నీరు. కొంతకాలమునకు మరొక దొరసాని వస్తుంది. ఈమెను కూడ అమ్మ అనమంటారు. మేట్రను పెండ్లి చేసుకొని పోతుంది, ఉపాధ్యాయునికి బదిలీ అవుతుంది, పాస్టరును మరొక పాస్టరేటుకు వేస్తారు. పెద్దలకు ఇవి మామూలు మార్పులు. బిడ్డకు మాత్రము ప్రతి మార్పు మొదటి వదలివేతకు మరొక ఆవృత్తి. మూడవసారి నాలుగవసారి అయ్యేసరికి బిడ్డ ఏడ్వడు. మంచి క్రమశిక్షణగల పిల్లవాడని రిపోర్టులో వ్రాస్తారు. వాడు మనస్సు తలుపు మూసుకొన్నాడని ఆ రిపోర్టు వ్రాసినవారికి తెలియదు.

ఇంత మాత్రము చెప్పి దొరలను నిందించుట న్యాయము కాదు. ఎందుకంటే వారు తమ కన్నబిడ్డల విషయములోను ఇదే చేసినారు. ఎండలకు, జ్వరములకు భయపడి, చదువు కోసమని ఆరేడేండ్ల పిల్లలను ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేవారు. మిషనరీల కుమార్తెల కోసము 1838లో, కుమారుల కోసము 1842లో అక్కడ ప్రత్యేకముగా బడులు పెట్టవలసి వచ్చినదంటే ఆ పిల్లల సంఖ్య ఎంతో ఊహించవచ్చును. 1924 ఒలింపిక్సులో పరుగు పందెము గెలిచిన ఎరిక్ లిడెల్ చైనాలో పనిచేసిన లండన్ మిషను దంపతుల కుమారుడు. ఆరేండ్ల వయస్సులో అతనిని, అన్నను ఆ బడిలో విడిచి తల్లిదండ్రులు మరల సేవకు వెళ్లినారు. మిషనరీలే కాదు, బొంబాయిలో పుట్టిన రచయిత రడ్యార్డ్ కిప్లింగును 1871లో అయిదేండ్లవానిగా ఇంగ్లండులో డబ్బుకు పెంచే ఒక ఇంట చెల్లెలితో కూడ విడిచిపెట్టినారు. తల్లి మరల వచ్చి తీసుకొనిపోయినది 1877లో. మన సీమలో ధాత కరువు పిల్లలు గంజి కేంద్రముల దగ్గర నిలబడిన కాలమే అది. ఏటా డిసెంబరులో పిన్నమ్మ ఇంటికి వెళ్లి నెలరోజులు ఉండి వచ్చినను, తాను పడే బాధను ఆ బాలుడు ఆమెకు చెప్పలేదు. 1888లో ఒక కథగా వ్రాసినాడు. తెల్లవారి బిడ్డయైనా, ఆలూరు బిడ్డయైనా విడిచిపెట్టబడిన బిడ్డ స్వభావము ఒక్కటే. అడగనిదే చెప్పడు, అడిగినా వెంటనే చెప్పడు.

ఇంకా పెద్ద ఎత్తున జరిగిన సంగతులున్నవి. 1869 మొదలుకొని ఎన్నో దశాబ్దములపాటు బ్రిటనులోని అనాథాశ్రమముల నుండి లక్షకు పైగా పిల్లలను కెనడాకు పంపినారు. ఆస్ట్రేలియాకును పంపినారు. వారిలో చాలమంది నిజముగా తల్లిదండ్రులు లేనివారు కారు, పేదల బిడ్డలు. మంచి గాలి, మంచి పని, మంచి భవిష్యత్తు అన్నారు. పంపినవారిలో భక్తిగలవారు, దయగలవారు ఎందరో ఉన్నారు. ఆ పిల్లలు ముసలివారైన తరువాత, 2009 నవంబరు 16న ఆస్ట్రేలియా ప్రధాని, 2010 ఫిబ్రవరి 24న బ్రిటను ప్రధాని వారికి బహిరంగముగా క్షమాపణ చెప్పినారు. దయతో చేసిన పనిలో కూడ బిడ్డ మనస్సును లెక్కించకపోతే ఏమవుతుందో ప్రపంచము అంత ఆలస్యముగా ఒప్పుకొన్నది.

ఈ విషయములో వైద్యులు చెప్పే మాటలు కూడ తెలుసుకొనుట మంచిది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇల్లు లేని పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జాన్ బౌల్బీ అనే ఆంగ్ల వైద్యుడు 1951లో ఒక నివేదిక ఇచ్చినాడు. పసిబిడ్డకు ఆహారము ఎంత అవసరమో, తనను ఎడతెగక చూచుకొనే ఒక మనిషి కూడ అంత అవసరమని దాని సారాంశము. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్టులో ఆశ్రమములలోని 136 మంది పసిపిల్లలతో ఒక పరిశీలన మొదలుపెట్టినారు. సగముమందిని పెంపుడు కుటుంబములలో ఉంచి, తక్కినవారు యథాప్రకారము ఉండగా ఏండ్ల తరబడి చూచినారు. కుటుంబములకు వెళ్లినవారు తెలివిలోను, మనుషులతో కలియుటలోను ముందుకు వచ్చినారు. రెండేండ్ల లోపున వెళ్లినవారికి మేలు మరింత ఎక్కువ. ఆ అదృష్టము లేని బిడ్డలు పెద్దవారైతే ఎట్లా ఉంటారో మన మధ్యనే చూడవచ్చును. కొందరు ఎవరిని నమ్మరు. కొందరు చూచిన ప్రతివారిని నమ్మి మోసపోతారు. స్నేహము కాస్త గట్టిపడగానే తామే ముందుగా తెంచుకొంటారు, అవతలివారు తెంచుతారన్న భయము చేత. పెండ్లియైన తరువాత కూడ పెట్టె ఎప్పుడూ సర్దే ఉంచుకొన్నట్లు బ్రతుకుతారు. బయటివారు దీనిని గర్వమనో, కృతజ్ఞత లేకపోవుట అనో అంటారు. అది గాయము, గర్వము కాదు.

మన క్రైస్తవ కుటుంబములకు చట్టము కూడ చాల కాలము సహాయము చేయలేదు. ఇది చాలమందికి తెలియదు. 1956 నాటి దత్తత చట్టము హిందువులకు మాత్రమే వర్తించినది. క్రైస్తవులు ఒక అనాథ బిడ్డను ఇంటికి తెచ్చుకొంటే 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగినారు, తల్లిదండ్రులు కాలేదు. బిడ్డ మేజరు కాగానే ఆ సంబంధము కాగితము మీద ముగిసిపోయేది. ఆస్తిలో హక్కు రావలెనంటే వీలునామా వ్రాయవలసినదే. ప్రేమతో పెంచిన ఇండ్లలో కూడ పెంపుడు బిడ్డ అన్న మాట జీవితాంతము వెంటాడుటకు ఇది ఒక కారణము. 2000 నాటి బాలల న్యాయ చట్టము, దానికి 2006లో జరిగిన సవరణ మతభేదము లేకుండ దత్తతకు దారి తెరచినవి. 2014 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ దారి అన్ని మతములవారికి ఉన్నదని స్పష్టము చేసినది. 2015 నాటి చట్టములో దత్తతతోపాటు, బిడ్డను కొంతకాలము ఒక కుటుంబములో ఉంచి పెంచే పద్ధతికి కూడ చోటు ఉన్నది. ఆశ్రమము విడిచిన యువతీ యువకులకు 18 నుండి 21 ఏండ్ల వరకు చేయూతనివ్వవలెనని కూడ అందులో ఉన్నది. కాబట్టి చట్టము అడ్డము అన్న మాట ఇక మనము చెప్పుటకు వీలులేదు.

ఇదంతా గతించిన కథ అని ఎవరైనా అనుకొంటే, పంట కోతల కాలమున ఒకసారి మన పల్లెలు తిరిగి చూడండి. ఆలూరు, ఆస్పరి, హొళగుంద, దేవనకొండ వైపు కుటుంబములు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయుటకు, తెలంగాణలో ప్రత్తి తీయుటకు నెలల తరబడి వెళ్తారు. ఇంటికి తాళము, అరుగుమీద ముసలమ్మ, ఆమె దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు. కొందరు పిల్లలు బడి మాని తల్లిదండ్రుల వెంట పోతారు. కొందరిని హాస్టలులో విడిచిపెడతారు. వీరు అనాథలు కారు, నిజమే. కాని ప్రతి సంవత్సరము తల్లి వెళ్లిపోవుట చూచే బిడ్డ, వచ్చినప్పుడు సంతోషించుట కూడ కొంచెము కొంచెముగా మానుకొంటాడు. కరువు పనులు పోయి ఉపాధి పనులు వచ్చినవి, గంజి కేంద్రము పోయి మధ్యాహ్న భోజనము వచ్చినది. విడిచి పోవుట మాత్రము మన సీమలో పోలేదు.

లేఖనములలో కూడ ఇతరుల ఇంట పెరిగిన బిడ్డలు ఉన్నారు. మోషే రాజగృహములో పెరిగినాడు. తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై తన కుమార్తెగా పెంచుకొన్నాడు, ఆమెను రాజగృహమునకు తీసుకొనిపోయిన తరువాత కూడ ఆమె క్షేమము కనుగొనుటకు ప్రతిదినము అంతఃపుర ద్వారము దగ్గర తిరిగినాడు. బాలుడైన సమూయేలును దేవుని మందిరములో అప్పగించిన హన్నా అంతటితో ఊరుకొనలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసుకొనిపోయినది. బిడ్డ ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడో తలచుకొంటూ కుట్టిన అంగీ అది. పెంచుట ఎక్కడ జరిగినా, నిన్ను తలచుకొనేవారు ఒకరున్నారని బిడ్డకు తెలియుట ముఖ్యము. మన బోర్డింగులు అన్నము పెట్టినవి, చదువు చెప్పినవి. ఆ అంగీ మాత్రము అందరికీ దొరకలేదు.

మన తెలుగు దేశములో ఆడపిల్లకు పుట్టిల్లు అనే మాట ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకొనిపోవలెను. బిడ్డకు ఊయల పుట్టింటినుండి రావలెను. క్రిస్మసుకు చీర రావలెను. అత్తవారింట మాట పడితే, అడిగేవారు నాకున్నారని చెప్పుకొనుటకు ఒక గుమ్మము ఉండవలెను. బోర్డింగులో పెరిగిన ఆడబిడ్డకు పెండ్లి చేసి పంపితిమి, పని అయిపోయినదని కమిటీవారు మినిట్స్ పుస్తకములో వ్రాసుకొంటారు. ఏడవ నెల వచ్చినప్పుడు ఆ బిడ్డ ఏ ఊరి బస్సు ఎక్కవలెను? మగబిడ్డయైనా అంతే. ఉద్యోగము వచ్చినదన్న శుభవార్తను ముందుగా ఎవరికి చెప్పవలెను? ఫారములో దగ్గరి బంధువు అన్న గడిలో ఏమి వ్రాయవలెను?

ఈ ప్రశ్నలకు జవాబు పెద్ద పెద్ద నిధులతో రాదు. మన సంఘములు చేయగలిగిన పనులు చాల చిన్నవి. హాస్టలులో ఉన్న ప్రతి బిడ్డకు సంఘములో ఒక ఇల్లు ఉండవలెను, ఏడాదికొక ఇల్లు కాదు, ఎన్ని ఏండ్లైనా అదే ఇల్లు. సెలవులు ఇచ్చిన దినమున గేటు దగ్గర ఏ బిడ్డా మిగలకూడదు. వార్డెను మారేటప్పుడు బిడ్డలకు ముందుగా చెప్పి, వెళ్లినవారు ఉత్తరమో ఫోనో చేయు ఏర్పాటు ఉండవలెను. పాత రిజిస్టర్లలో, బాప్తిస్మ పుస్తకములలో ఆ బిడ్డల ఊరు, తల్లి పేరు, చేరిన తేదీ ఏది దొరికినా చెదలు పట్టకముందే ఎత్తి వ్రాసి ఉంచవలెను. తమ మూలము వెదకుకొంటూ వచ్చిన మనుమలకు మనము ఇవ్వగలిగిన ఆస్తి అదే. బాప్తిస్మమప్పుడు సాక్షిగా నిలబడినవారు ఆ సంతకమును జీవితకాలపు సంబంధముగా ఎంచవలెను. బోర్డింగులో పెరిగి పెండ్లియైన ఆడబిడ్డకు సంఘములోని ఒక కుటుంబము పుట్టిల్లుగా నిలిచి కాన్పుకు తీసుకొనిరావలెను.

నూరేండ్ల పండుగలో పాత విద్యార్థులను పిలిచి దండలు వేస్తాము. వారిలో పేరు సంపాదించినవారు వేదికమీదకు వస్తారు. దూరాన, చివరి బెంచీమీద కూర్చొని, భోజనాల గంట కొట్టకముందే ఎవరితోను చెప్పకుండ లేచి వెళ్లేవారు కూడ కొందరుంటారు. వారిని ఆపి, ఎక్కడ ఉంటున్నావమ్మా, పిల్లలెందరు నాయనా అని అడిగి, ఆ దినము మన ఇంట భోజనము పెట్టి పంపవలెను. మరుసటి క్రిస్మసుకు మరల పిలువవలెను. ఆ తరువాతి క్రిస్మసుకును పిలువవలెను. పిలిచేవారు మారకుండ ఉంటేనే ఆ పిలుపునకు విలువ.